కొండెక్కిన దీపం

జపాను నుంచి ఓడలో దిగిన పాత డెలికా.
స్టీరింగు కుడివైపు. జార్జియా రోడ్లకి అది తప్పు వైపు.
మీటల మీది అక్షరాలు
ముర్జకాన్‌కి రావు, అమ్మినవాడికీ రావు.
ఒక్క బొమ్మ మాత్రం ఎవరైనా చదవగలరు:
ఎర్రటి కొమ్ముచెంబు, కొమ్ము చివర ఒక బొట్టు.

మే నెలలో మొదలైంది.
ఉష్గులీ నుంచి దిగొచ్చి, ఇంజను వేడిమీదుండగా
మెస్తియా కూడలిలో ఆవులకి దారిచ్చి ఆగితే
చెంబు రెప్ప కొట్టేది.
కాలు కాస్త ఆనించి రేసు పెంచితే సర్దుకునేది.
ఒక గుంటలో వెలిగేది, ఇంకో గుంటలో ఆరేది.
డిప్‌స్టిక్ లాగి చూశాడు. ఆయిలు గీత దాకా ఉంది.
గుడ్డతో తుడిచి మళ్ళీ చూశాడు.
ఉంది.

జూన్ వచ్చేసరికి ఆరడమే మానేసింది.
ముందు సీట్లో కూర్చున్న పోలండు పిల్ల
రోడ్డు చూడటం మాని దాన్నే చూస్తూ కూర్చుంటే
నాన్నా పులి అనే కుర్రాడులే అన్నట్టు నవ్వి
నల్ల టేపు ముక్క అంటించాడు.
చర్చి కనబడ్డ ప్రతి మలుపులో
మూడుసార్లు శిలువ గీసుకునే మనిషి.

ఎండకి టేపు ముడుచుకుని రాలిపోయింది.
కింద చెంబు లేదు.
తాళం తిప్పితే లేదు. బండి కదిలితే లేదు.
దీపం కొండెక్కింది.
హమ్మయ్య అనుకుని వాడూ కొండెక్కాడు,
ఏడుగురితో, రెండు జున్ను సంచులతో,
ఎడమపక్క ఎంగురి నది లోయంత లోతున.

జుగ్దిదీలో బ్రేకుల కోసం ఆగితే
జాబులి అడిగింది, బ్రేకుల గురించి కాదు:
"తాళం తిప్పగానే ఎర్రది వెలుగుతోందా?"
"లేదు. బాగైపోయింది."
పానా కింద పెట్టింది ఆవిడ.
"ఇంజను లేవకముందు అది ఒక్క క్షణం వెలగాలి.
ఉన్నానని చెప్పాలి.
ఊరికే అరిచేదాన్ని తిట్టుకుంటూ అయినా బతకొచ్చు.
నోరు పడిపోయినదాన్ని నమ్ముకుని
ఎన్నిసార్లు ఎక్కావురా పైకి?"

వాడు లెక్క చెప్పలేదు.

గుమ్మం తలుపు కొట్టుకోకుండా
ఒక వంగిన ఇంజను రాడ్డు అడ్డం పెట్టి ఉంటుంది అక్కడ.
ఆ బండి దీపం నిజమే చెప్పిందట, ఆవిడ మొగుడు వినలేదట.
అంతకు మించి ఎవరడిగినా చెప్పదు.

బొటనవేలంత స్విచ్చి.
ప్లగ్గు ఊడబెరికితే లోపల ఆయిలు తడి,
తీగ తొడుగు వెంట పాకి,
ఇంజను పక్కంతా దుమ్ముతో కలిసి అట్టకట్టింది.
కొత్తది వెంటనే బిగించలేదు జాబులి.
ఆ రంధ్రంలో తన గేజి బిగించి, ఇంజను లేపి,
వేడెక్కేదాకా స్టూలు మీద కూర్చుంది
చెవి అటు పడేసి, టపటప ఏమైనా వినబడుతుందేమోనని.
ముల్లు కొంచెం దిగింది.
కూలబడలేదు.
"పంపు బాగుంది. బేరింగులు బాగున్నాయి.
చెప్పేవాడే పోయాడు."

స్విచ్చి ఖరీదు ఇరవై లారీలు.
నవ్వకండి, ఇక్కడ డబ్బు పేరే అది.

చీకటి పడుతుండగా ముర్జకాన్ తాళం తిప్పాడు.
వెలిగింది చెంబు, కొమ్ము చివర బొట్టుతో సహా.
ఇంజను అందుకుంది. ఆరింది.
ఆపేశాడు.
మళ్ళీ తిప్పాడు. వెలిగింది, ఆరింది.
మూడోసారి కూడా.

"బ్యాటరీ తినేస్తావు, పో" అంది జాబులి
చేతులు కిరసనాయిల్లో కడుక్కుంటూ.